కొత్త ఇంజనుకు ఎర్ర రంగు

కోవోలా,
22 సెప్టెంబరు 1996

హిల్కక్కకు,

ముందు శుభవార్త. వసంతంలో కొత్త కరెంటు ఇంజన్ల మీద శిక్షణకి మా డిపో నుంచి ఆరుగురిని ఎంపిక చేశారు. అందులో నీ తమ్ముడు ఒకడు. యాభై నాలుగేళ్లవాణ్ణి నేనొక్కణ్ణే, మిగతా ఐదుగురికీ ఇంకా మీసాలు కూడా సరిగా రాలేదు. ఇరవై ఏళ్లు ఆ రష్యా ఇంజన్ల మోత విని నా చెవులు దిబ్బడేశాయి. ఈ కొత్తది స్విట్జర్లాండులో తయారైంది. యార్డులో ఒకటి నిలబెట్టారు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. లోపల కూర్చుంటే చేతి గడియారం చప్పుడు కూడా వినిపిస్తుందట. బొగ్గు ఇంజను నడిపిన మన నాన్న ఉంటే, "ఇది ఇంజనా, ఆస్పత్రా?" అనేవాడు.

ఇక మన వ్యాపారం. కొత్త ఇంజను బొమ్మలకి రంగు వేయని తెల్ల బాడీలు నీ బొమ్మ రైళ్ల షాపుకి వచ్చాయన్నావు కదా, మూడు పంపు, ఎప్పట్లాగే రంగు వేసిస్తాను. రంగు డబ్బాలు కూడా పంపు. ఒక్క మాట, మూతల మీద రంగు పేరు పెద్ద అక్షరాలతో నువ్వే రాయి. తయారీవాళ్ల అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి, ప్రతిసారీ కళ్లజోడు వెతుక్కోలేక చస్తున్నాను.

ఇంకొకటి. నాకు బొమ్మ సిగ్నల్ కావాలి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు ఉండాలి. ఏ దీపం ఎప్పుడు వెలుగుతుందో నాకు ముందుగా తెలియకూడదు, దానంతటదే మారేట్టు ఒక పెట్టె బిగించు. బల్ల మీద రైలు నడపడంలో అప్పుడే కదా మజా.

పోయిన ఆదివారం నువ్వొచ్చినప్పుడు అడవిలో నేను ఏరిన ఎర్ర పువోలుక్కా పళ్ల సంగతి ఊరంతా చెప్పి నా పరువు తీయకు. నడుం నొప్పిగా ఉండి వంగలేకపోయాను, అంతే.

నీ తమ్ముడు
ఔలిస్


తోయ్యాలా,
6 అక్టోబరు

ఒరేయ్ ఔలిస్,

నువ్వు ఎంపికయ్యావని చదివి షాపులో ఉన్న నలుగురికీ కాఫీ పోశాను. నా తమ్ముడు కొత్త ఇంజను ఎక్కుతున్నాడని నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి చెప్పబోతే వాళ్లే లేచి వెళ్లిపోయారు.

కానీ పళ్ల సంగతి మాత్రం వదలను. నీ బక్కెట్టులో సగం పచ్చికాయలు, పావు వంతు ఆకులు. చిన్నప్పుడు మనిద్దరం అడవికి వెళితే నీ బక్కెట్టు పొర్లిపోయేది, నాకు అడుగు కనిపిస్తూనే ఉండేది. నేను ఏడుస్తుంటే రెండు దోసిళ్లు నీదాంట్లోంచి తీసి నాదాంట్లో పోసేవాడివి. నడుం నొప్పి వస్తే పచ్చికాయ పండులా కనిపిస్తుందని ఏ డాక్టరూ చెప్పగా నేను వినలేదు.

ఆ కొత్త ఇంజను బొమ్మకి పదకొండు మంది పేర్లు రాయించుకున్నారు. అందరూ యాభై దాటిన పసివాళ్లే. మందుల షాపు సారెస్మా జేబులో భూతద్దం పెట్టుకుని వస్తాడు. నిన్న ఇంజను మీద తీగని అందుకునే కరెంటు చేతికి ఎన్ని మేకులుండాలో గంటసేపు నాతో వాదించాడు. వాళ్లావిడ బయట కారులో కూర్చుని హారను మోగిస్తూనే ఉంది. చివరికి నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "రంగు మీ తమ్ముడు వేసిందేనా?" అవునన్నాను. అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.

మూడు బాడీలు, డబ్బాలు, సిగ్నల్ అన్నీ రేపు బస్సు పార్శిల్‌లో వేస్తాను. సిగ్నల్ పెట్టె నేనే బిగించాను. దీపాలు ఏ వరుసలో వెలుగుతాయో దానికీ తెలియదు, నాకూ తెలియదు. ఒంటరిగా ఉండేవాడివి, నీకు ఈ దాగుడుమూతలేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ పొగాకు పైపు కాస్త తగ్గించరా. నువ్వు పంపే ప్రతి ఇంజనూ బొగ్గుతో నడిచినట్టే కంపు కొడుతోంది.

హిల్కా


కోవోలా,
17 నవంబరు

అక్కా,

రెండు ఇంజన్లు పూర్తయ్యాయి, పంపుతున్నాను. మూడోదానికి టైము పడుతుంది. టర్పెంటైన్ ఒలికి ఒక డబ్బా మూత మీద నీ అక్షరాలు చెరిగిపోయాయి, అయినా నాకు తెలుసులే, నలభై ఏళ్ల చెయ్యి ఇది.

నీ సిగ్నల్ బాగానే ఉంది గానీ దీపాలు మరీ గుడ్డివి. ఇంతకన్నా మంచి బల్బులు దొరకలేదా?

ఇక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతోంది. మొన్న సోమవారం ఒక చిన్న స్టేషను బయట బండి ఆపాను. బ్రేకు గాలి తగ్గిందేమోనని అనుమానం వచ్చింది. నాలుగు నిమిషాలు ఆగాను. కంట్రోలువాడు రేడియోలో ఒకటే గోల: "ఏమైందండీ, మీకు దారి ఇచ్చాం కదా? ఎందుకు నిలబడ్డారు?" బ్రేకు అని చెప్పాను. గాలి సరిగానే ఉంది. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. రాసింది కొట్టేస్తే ఇంకా అనుమానిస్తావని ఉంచేశాను.

ఔలిస్


తోయ్యాలా,
8 డిసెంబరు

తమ్ముడూ,

సారెస్మా ఇంజను వెనక్కి తెచ్చాడు. బల్ల మీద పెట్టి, భూతద్దం కూడా తీయకుండా, "మేడమ్, ఈ బండి ఒకవైపు రైల్వేది, రెండోవైపు వంటింటిది" అన్నాడు. చూస్తే ఒక పక్క చక్కటి ఎరుపు, రెండో పక్క క్రిస్మస్‌కి మనం వండే లివరు కూర రంగు. "ఎండ తగిలి మాడినట్టుంది" అని నోటికొచ్చింది చెప్పాను. "డిసెంబరులోనా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు తిరిగి ఇచ్చేశాను.

ఔలిస్, నేను తిప్పి తిప్పి అడగడం ఎప్పుడూ నేర్చుకోలేదు. పచ్చికాయలు, పెద్ద అక్షరాలు, ఎప్పుడు మారుతుందో తెలియని సిగ్నల్, నాలుగు నిమిషాలు. ఇప్పుడిది. నీకు రంగులు కనిపిస్తున్నాయా? నువ్వు ఆపింది బ్రేకు గాలికా, ఆకుపచ్చ దీపానికా?

నాకు భయంగా ఉంది. వెంటనే రాయి.

హిల్కా


కోవోలా,
29 డిసెంబరు

అక్కా,

పండగ పూట మనిషిని భయపెట్టే ఉత్తరం రాయడం నీకే చెల్లింది. ఆ చెరిగిన డబ్బాలో ముదురు గోధుమ రంగు ఉందేమో, మసక వెలుతురులో వేశాను. దానికి ఇంత రాద్ధాంతమా? సారెస్మాకి ఇంకొకటి వేసిస్తాను, పైసా తీసుకోను.

పోయిన కళ్ల పరీక్ష నేను పాసయ్యాను. వచ్చేది ఇంకా ఏడాది ఉంది. ఈ దారి మీద ప్రతి సిగ్నల్ ఎక్కడుందో, దాంట్లో ఏ దీపం పైనో ఏది కిందో కళ్లు మూసుకుని చెప్పగలను. నీ సిగ్నల్ పెట్టె పాడైంది, మూలన పడేశాను.

నా ఇల్లాలు ఐలి పోయి మూడేళ్లయింది. నీకు షాపుంది, వాదించడానికి మనుషులున్నారు. నేను డ్యూటీ ఉన్న రోజే గడ్డం గీసుకుంటాను. మార్చి మూడున కొత్త ఇంజను ఎక్కుతాను. ఆ తారీఖు కోసం ఎదురుచూస్తూ బతుకుతున్నాను, దాన్ని పాడుచేయకు.

ఔలిస్


తోయ్యాలా,
12 జనవరి 1997

ఔలిస్,

సరే, నాదే తప్పు. వయసు మీద పడితే ఆడవాళ్లకి అన్నీ భయాలే అనుకో. సారెస్మాకి ఇవ్వాల్సిన బాడీ పంపుతున్నాను. డబ్బాలు కొత్తవి, మూతల మీద ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ అని పెద్దగా రాశాను. ఆకుపచ్చది పొరపాటున ఎక్కువ వచ్చింది, చెట్లకి వాడుకో. రై రొట్టె కూడా పెట్టాను. తొందరేం లేదు, పగటి వెలుతురులో వెయ్యి.

హిల్కా


కోవోలా,
2 ఫిబ్రవరి

హిల్కక్కా,

పార్శిల్ విప్పేటప్పుడు సారెస్మాని పక్కనే నిలబెట్టుకో. కిటికీ దగ్గర కూర్చుని, మంచు మీద ఎండ పడుతుండగా, నాలుగు పూతలు వేశాను. ఇంత మంచి ఎరుపు నా జన్మలో వేయలేదు. భూతద్దం కాదు, టెలిస్కోపు తెచ్చుకోమను!

కొత్త ఇంజను పుస్తకం రెండుసార్లు చదివాను. కుర్రాళ్లు నన్నే అనుమానాలు అడుగుతున్నారు. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. రొట్టె బాగుంది.

ఔలిస్


తోయ్యాలా,
6 ఫిబ్రవరి

తమ్ముడూ,

కూర్చుని చదువు.

నువ్వు పంపిన ఇంజను ఆకుపచ్చగా ఉంది.

మూతలు నేనే మార్చాను. ఎరుపు అని రాసిన మూత ఆకుపచ్చ డబ్బాకి పెట్టాను. మూత తీయగానే ఫోన్ చేసి తిడతావని, "ముసలిదానా, చూసుకోనక్కర్లేదా?" అంటావని ఎదురుచూశాను. మూడు వారాలు ప్రతి ఫోనుకీ పరిగెత్తాను. ఆ మూడు వారాలూ నువ్వు జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నావని తెలిసి కూడా ఈ నాటకం ఆడాను. ప్రతి గంటకీ రేడియో వార్తలు విన్నాను. నేను రైలెక్కడం మానేశాను. ఎక్కేవాళ్లకి మాత్రం ఏమీ చెప్పలేదు. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నువ్వు అన్నట్టే పార్శిల్ సారెస్మా ఎదురుగా విప్పాను. ఆయన చూశాడు. భూతద్దం తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

రేపే సెలవు పెట్టు. మార్చి మూడు లోపల నీ నోటితో నువ్వే డిపోలో చెప్పు. చెప్పకపోతే నేను ఉత్తరం రాస్తాను. నీ బండిలో ఎవరో ఒక అక్క తమ్ముడు ఉంటాడు, ఔలిస్.

హిల్కా


కోవోలా,
14 ఫిబ్రవరి

హిల్కా,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు. ఇవాళ మనవాళ్ల స్నేహితుల దినమట, పోస్టుమాన్ నవ్వుతూ కార్డులు పంచుతున్నాడు.

నువ్వు అక్కవా, పోలీసువా? నా చేతికే రంగిచ్చి, నా చేత్తోనే నా మెడకి ఉరి వేయించావు. నాలుగు పూతలు వేశాను! మురిసిపోతూ వేశాను! నీకు ఒక్కసారి కూడా జాలి కలగలేదా? రొట్టె కూడా పెట్టావు.

తెలుసుకోవాలనుంటే తెలుసుకో. ఏడాదిన్నర అవుతోంది. ముందు ఎరుపు వాడిపోయింది, తర్వాత ఆకుపచ్చ. ఇప్పుడు రెండూ ఎండుగడ్డిలా ఉంటాయి. పగలు దీపం ఎక్కడుందో చూసి నడుపుతాను. చీకట్లో, మంచు కురిసేటప్పుడు ఒక్క చుక్కే కనిపిస్తుంది, అది పైదో కిందిదో తెలియదు. తెలియనప్పుడు ఆపుతాను. నాలుగు నిమిషాలు అందుకే ఆపాను. నీ బొమ్మ సిగ్నల్ ముందు రోజూ కూర్చుని సాధన చేశాను. ఇరవైకి తొమ్మిది సరిగా చెప్పేవాణ్ణి. పెట్టె పాడవలేదు, నేనే గోడకేసి కొట్టాను.

సెలవు పెట్టాను, సంతోషమా? నడుం నొప్పి అని రాశాను. కానీ మార్చి మూడున వెళతాను. శిక్షణలో పక్కన శిక్షకుడు ఉంటాడు, అతనికి కళ్లున్నాయి. ఒక్కసారి ఆ ఇంజను నడపనీ. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో.

ఔలిస్


తోయ్యాలా,
27 ఫిబ్రవరి

ఔలిస్,

డిపోకి ఉత్తరం రాశాను. కవరు అంటించి స్టాంపు కూడా వేశాను. ఎనిమిది రోజులుగా గల్లా పెట్టె పక్కనే ఉంది. రోజూ పోస్టుడబ్బా దాకా వెళ్లి తిరిగి వస్తున్నాను. నీ బక్కెట్టులోంచి నాకు పళ్లు పోసిన చేతులు గుర్తొస్తున్నాయి.

సోమవారం సాయంత్రం దాకా ఆగుతాను. మంగళవారం పొద్దున వేసేస్తాను. నువ్వు నన్ను జన్మలో పలకరించకపోయినా సరే వేస్తాను.

అక్క


కోవోలా,
4 మార్చి

హిల్కా,

నీ ఉత్తరం పోస్టు చేసి ఉంటే చేశావు. చేయకపోతే చింపెయ్.

నిన్న పొద్దున తొమ్మిదింటికి ఎక్కాను. శిక్షకుడి పేరు ఒత్సో, ముప్పై రెండేళ్లు ఉంటాయి. నన్ను "సార్" అంటాడు. వెనక ఖాళీ పెట్టెలు, మనుషులెవరూ లేరు. చెయ్యి వేయగానే కదిలింది. కుదుపు లేదు, మోత లేదు. పది నిమిషాలు ఎంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పలేను.

ఇంజనులో ఇద్దరుంటే కనిపించిన ప్రతి సిగ్నల్ రంగునీ పైకి చెప్పాలి, రెండోవాడు తిరిగి చెప్పాలి. నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. ఒంటరిగా నడిపి నడిపి నాకు అలవాటు తప్పింది. మొదటి రెండు సిగ్నల్స్ దీపం చోటు చూసి చెప్పాను, సరిపోయాయి. తర్వాత మంచు మొదలైంది. మలుపు తిరగగానే తెల్లటి మంచులో ఒక్క చుక్క కనిపించింది. ఒత్సో ముందు చెబితే నేను అందుకుందామని చూశాను. వాడు చెప్పలేదు. నేర్చుకునేవాడే ముందు చెప్పాలి కదా, నా నోటి వంక చూస్తూ కూర్చున్నాడు.

ఎరుపు అనవచ్చు. ఆకుపచ్చ అనవచ్చు. ఏదో ఒకటి సరిపోతుంది. నాలుక మీదికి "ఆకుపచ్చ" దాకా వచ్చింది. అప్పుడు నువ్వు బల్ల మీద పెట్టుకుని చూస్తున్న ఆ ఇంజను గుర్తొచ్చింది. బ్రేకు వేశాను.

"ఎందుకు ఆపారు సార్?"

"ఆ దీపం ఏ రంగు?"

"అదేంటి సార్, ఆటపట్టిస్తున్నారా?"

"లేదు బాబూ. నాకు తెలియడం లేదు. ఏడాదిన్నర నుంచి తెలియడం లేదు."

వాడు నా మొహం వంక చూశాడు, తర్వాత దీపం వంక చూశాడు. అప్పుడు నా గడియారం చప్పుడు వినిపించింది. ఆ ఇంజను గురించి చెప్పింది నిజమే.

ఒత్సో మెల్లగా, "ఆకుపచ్చే సార్. వెళ్లొచ్చు" అన్నాడు. "అయితే నువ్వే నడుపు" అని లేచి సీటు ఇచ్చాను. డిపోకి వచ్చాక ఇద్దరం లోపలికి వెళ్లి చెప్పాం. వాడు నా భుజం మీద చెయ్యి తీయలేదు.

నువ్వు చేసింది మంచికే అని అందరూ అంటారు. నేను కూడా రేపో మాపో అంటానేమో. కానీ మూతలు మార్చి పంపిన సంగతి మాత్రం నేను మరిచిపోలేను. బ్రష్షులు పొయ్యిలో వేశాను. ఇక బాడీలు పంపకు.

ఔలిస్


కోవోలా,
9 మే 2010

హిల్కక్కకు,

పదమూడేళ్లు క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప నీకు ఇంకేమీ రాయలేదు.

ఆ ఏడాది డాక్టరు పైపు పొగే కారణం అన్నాడు. కంటి నరం దెబ్బతిందట, ఇక బాగుపడదన్నాడు. ముందే వచ్చి ఉంటే కొంత దక్కేదని కూడా అన్నాడు. అది నీకు రాయలేదు, రాస్తే నువ్వు గెలిచినట్టవుతుందని. పెన్షన్ వచ్చేదాకా డిపోలో సామాన్ల గదిలో పనిచేశాను.

నిన్న స్టేషనుకి వెళ్లాను. ఊరికే బెంచీ మీద కూర్చుంటుంటాను. నేను పది నిమిషాలు నడిపానే, ఆ రకం ఇంజనే వచ్చి ఆగింది. కొత్తగా రంగు వేసినట్టుంది, తళతళలాడుతోంది. పక్కన ఐస్‌క్రీం తింటున్న అమ్మాయిని అడిగాను.

"ఇది ఏ రంగమ్మా?"

"ఆకుపచ్చ, తాతా. తెలీదా? పాత ఎరుపు తీసేసి వీటన్నిటికీ ఇప్పుడు ఇదే వేస్తున్నారు."

నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల భయపడి ఐస్‌క్రీంతో సహా అవతలి బెంచీకి వెళ్లిపోయింది. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చాను, అక్కా.

నేను వేసిన ఆ ఇంజను ఉందా, పారేశావా? ఉంటే నాకు పంపు.

నీ తమ్ముడు
ఔలిస్


తోయ్యాలా,
14 మే

నా బంగారు తమ్ముడికి,

షాపు పోయిన శరత్కాలంలోనే మూసేశాను. పట్టాలు, చెట్లు, చిన్న చిన్న స్టేషన్లు అన్నీ అమ్ముడుపోయాయి. గాజు అలమారాలో ఒక్కటే మిగిలింది. దాని ముందు "అమ్మకానికి కాదు" అని కాగితం పెట్టి పదమూడేళ్లు ఉంచాను. కొత్త రంగు వేసిన ఇంజను ఫొటో పేపర్లో వచ్చిన రోజు సారెస్మా చేతికర్రతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్, మీ తమ్ముడికి ముందే ఎలా తెలిసింది?" అన్నాడు. ఆ అలమారా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, చూసి వెళ్లాడు.

నేను గెలవలేదురా. అప్పుడే బస్సెక్కి నీ ఇంటికి వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, రెండు డబ్బాలూ చూపించి అడగాల్సింది. నీ మొహం చూసి అడిగే ధైర్యం లేక దొంగతనంగా మూతలు మార్చాను. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంజనుని పార్శిల్‌లో పంపను. గురువారం మధ్యాహ్నం రైలుకి ఒళ్లో పెట్టుకుని నేనే తెస్తున్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబడు, ఎక్కడికీ కదలకు. నన్ను తెచ్చే ఇంజను ఎర్రదో ఆకుపచ్చదో నాకింకా తెలియదు. దిగగానే చూసి, నీకు పైకి చెబుతాను. నువ్వు తిరిగి చెప్పు.

అక్క